డిస్కు టక్ టక్‌మంటోందా? ముందు స్విచ్చి ఆపండి!

2014 అక్టోబరు 12, ఆదివారం. వైజాగ్‌లో ఆ రోజు గుర్తులేనివాళ్లు ఉండరు. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో హుద్‌హుద్ ఊరి మీద పడింది. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. పెదవాల్తేరులో మా బాబాయి ఇంట్లో కిటికీ అద్దాలు పగిలి, వాన జల్లు సరాసరి కంప్యూటర్ టేబుల్ మీదే కొట్టింది.

ఆయన స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు. పిన్ని అంతకు ముందేడే పోయింది. ఆవిడ ఫొటోలన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి, ఇంకెక్కడా కాపీ లేదు.

కరెంటు వచ్చిన రోజు ఫోన్ చేశారు.

‘‘ఒరేయ్, డబ్బా లోపల టక్ టక్‌మంటోందిరా. విండోస్ బొమ్మ వచ్చి అక్కడే ఆగిపోతోంది.’’

‘‘ముందు స్విచ్చి ఆపు బాబాయ్!’’

అప్పటికే నాలుగుసార్లు ఆన్ చేసి చూశారట. మనమందరం చేసే పనే అది.

హార్డ్‌డిస్కులో పళ్లెం నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతూ ఉంటుంది. దాన్ని చదివే హెడ్ పళ్లేన్ని తాకదు, పైన కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతుంది. మన తల వెంట్రుక మందం అంతకు వేల రెట్లు. దారి చూపే గుర్తులు హెడ్‌కు దొరక్కపోతే వెనక్కి వెళ్లి మళ్లీ ప్రయత్నిస్తుంది. ఆ టక్ టక్ అదే. హెడ్ నిజంగా దెబ్బతిని ఉంటే, ఆన్ చేసిన ప్రతిసారీ పళ్లేన్ని గీకేస్తుంది. గీకిన చోట ఉన్న ఫొటో ఇక దేవుడికి కూడా దొరకదు.

డిస్కు పట్టుకుని ద్వారకానగర్‌లో తెలిసిన మెకానిక్ దగ్గరికి వెళ్లాం. కుర్రాడు ముందు అడిగింది ఒక్కటే: ‘‘లోపలికి నీళ్లు వెళ్లాయా సార్?’’ చాలా డిస్కులకు గాలి ఆడే చిన్న రంధ్రం ఉంటుంది. నీట మునిగితే అందులోంచి తడి లోపలికి వెళ్తుంది. అలాంటి డిస్కును ఎండలో ఆరబెట్టకూడదు, ఆరితే ఉప్పూ మట్టీ పళ్లెం మీద అట్టకడతాయి. తడిగానే కవర్లో మూసి ల్యాబ్‌కు పంపాలి. మాది మునగలేదు, బతికిపోయాం.

అతను నక్షత్రం మరలు విప్పి అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డు తీశాడు. పళ్లేలున్న గది వేరు, దాన్ని ముట్టుకోలేదు. బోర్డుకూ హెడ్‌కూ మధ్య సంకేతాలు దాటే చిన్న చిన్న మెరుపు బిళ్లలు నల్లబడి ఉన్నాయి. ‘‘ఉప్పుగాలి సార్. బీచి దగ్గర ఇళ్లలో మామూలే’’ అంటూ పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగా రుద్దాడు. మళ్లీ బిగిస్తే టక్ టక్ ఆగింది! అంత ఖరీదైన వస్తువుకు రూపాయి రబ్బరు వైద్యం. అన్ని డిస్కులకూ ఈ అదృష్టం పట్టదనుకోండి.

అయినా విండోస్ మాత్రం కదల్లేదు. పాడైన సెక్టార్ల దగ్గర అది పదే పదే అడుగుతూ కూర్చుంటుంది, పైగా రిపేర్ పేరుతో డిస్కు మీద రాసేస్తుంది. అప్పుడు వాడేదే హాట్‌స్వాప్. కుర్రాడు తన కంప్యూటర్ని పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో ఆన్ చేసి, అంతా లేచాకే మా డిస్కు తగిలించాడు. సాటా డిస్కుల్లో ఇలా నడుస్తుండగా తగిలించే వీలుంది, బయోస్‌లో ఏహెచ్‌సీఐ, హాట్‌ప్లగ్ ఆన్‌లో ఉండాలి. వెడల్పాటి రిబ్బన్ కేబుల్ ఉన్న పాత ఐడీఈ డిస్కులతో మాత్రం ఈ పని చేయొద్దు, బోర్డు కాలిపోవచ్చు.

తర్వాత డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపాడు. అది ముందు బాగున్న భాగాలన్నీ ఇంకో డిస్కులోకి తెచ్చేసుకుని, మొండికేసే చోట్లకు ఆఖర్న వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఫైల్లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంటు పోయినా మొదటికి రాదు. ఆ నెలలో వైజాగ్‌లో అంతకన్నా ఏం కావాలి?

హాట్‌స్వాప్ పేరుతోనే ఇంకో పద్ధతీ ఉంది: బాగున్న డిస్కును నడిపి, దాని బోర్డును కరెంటుతోనే పాడైన డిస్కుకు మార్చడం. అది నిపుణుల పని, ఇంట్లో వద్దు. అదే మోడల్ బోర్డు కొనితెచ్చి మార్చినా చాలావరకు పనిచేయదు, ఏ డిస్కు లెక్కలు దాని బోర్డు మీది చిప్‌లోనే ఉంటాయి. ఇక ఫ్రిజ్‌లో పెట్టే చిట్కా! మన ఉక్కపోతలో బయటికి తీయగానే చెమర్చుతుంది.

ఆశ మాత్రం తొందరగా వదులుకోకండి. 2003లో కల్పనా చావ్లా ప్రయాణించిన కొలంబియా నౌక కూలినప్పుడు, కాలిపోయి నేలకు పడిన డిస్కులోంచి 99 శాతం సమాచారం తీశారు. ఆ ప్రయోగ ఫలితాలు 2008లో అచ్చయ్యాయి కూడా.

డిస్కు చాలాసార్లు ముందే చెబుతుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో 05, సి5 అంకెలు పెరుగుతుంటే వెంటనే కాపీ తీయండి. సి7 ఒక్కటే పెరుగుతుంటే కేబుల్ మార్చి చూడండి, ఎక్కువగా తప్పు దానిదే. చెక్‌డిస్క్ మాత్రం కాపీ అయ్యేదాకా నడపొద్దు.

మా కాపీ మూడు రోజులు నడిచింది. కొన్ని ఫొటోలు పోయాయి, కొన్ని సగమే వచ్చాయి. ఆర్కే బీచిలో పిన్ని మొక్కజొన్న పొత్తు తింటున్న ఫొటోలో కింది సగమంతా బూడిదరంగు. బాబాయి దాన్నే పెద్దది చేయించి హాల్లో కట్టించారు.

‘‘మొహం వచ్చింది కదరా’’ అన్నారు.