నిలిపిన బండికి సంరక్షణ

హిమదేశాలలో మంచుపై పరుగెత్తే స్నోమొబైల్‌ను వేసవి రాగానే శుభ్రపరచి భద్రపరుస్తారు. సికింద్రాబాదులోని బన్సీలాల్‌పేటలో ఆ వాహనం కనిపించదు. అయినా వానాకాలంలో వారాల తరబడి వాడక నిలిపే మోటారుసైకిలుకు కూడా దాదాపు ఆ నియమాలే వర్తిస్తాయి.

నేటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. అది గాలిలోని తేమను పీల్చుకొంటుంది. ఇనుప ట్యాంకు సగం ఖాళీగా ఉన్నచో లోపలి తేమగాలి చల్లబడి నీటిబిందువులుగా మారుతుంది. నీరు అధికమైనప్పుడు ఇథనాల్‌తో కలిసి అడుగుకు చేరి, లోహానికి తుప్పు పట్టిస్తుంది. కనుక బండిని నిలిపేముందు తాజా పెట్రోలు పోయించాలి. అయితే వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది కనుక అంచువరకు నింపరాదు.

పిదప బురద కడిగి, ఆరనిచ్చి, చైనుకు నూనె పెట్టాలి. బ్యాటరీ విప్పేటప్పుడు ముందుగా నెగెటివ్ తీగను తొలగించాలి. టైర్లలో గాలి సరిచూసి, మధ్య స్టాండుపై, గాలి ఆడే కప్పు కింద ఉంచాలి. మధ్యమధ్య ఇంజినును ఒక్క నిమిషం నడిపి ఆపడం మేలు కాదు. చల్లని సైలెన్సరులో నీరు చేరుతుంది.

తిరిగి బయలుదేరే రోజున బ్రేకులను ఇంటి ముంగిటనే పరీక్షించాలి. వీధి మలుపులో బ్రేకు పట్టు తప్పితే ప్రమాదం నడిపేవారికే కాదు, దారిన పోయేవారికి కూడా.