పొరుగు రాజ్యములతోడి మైత్రి

ఒక దేశము తక్కిన దేశములతో నడపు వ్యవహారమునకు విదేశాంగ నీతి యని పేరు. అందు పొరుగు రాజ్యములతోడి వ్యవహారము మిక్కిలి సున్నితమైనది; ఏలయన రక్షణమును వర్తకమును అందు పెనవేసికొని యుండును. ఇందులకు భారత నేపాళముల సంబంధము చక్కని దృష్టాంతము.

నేపాళమునకు సముద్రతీరము లేదు. ఉత్తరమున హిమాలయములును, వాని కావల చైనా యేలుబడిలోని టిబెట్టును గలవు. తక్కిన మూడు దిక్కుల భారతదేశమే. ఓడసరకు కలకత్తా రేవున దిగి, సుమారు 700 కిలోమీటర్లు పయనించి, రక్సౌలు వద్ద సరిహద్దు దాటవలయును. రమారమి 1,750 కిలోమీటర్ల యీ సరిహద్దున ఇరుదేశములవారును అనుమతిపత్రము లేకయే రాకపోకలు సేయుదురు. కావున నిది నేపాళమునకు జీవనమార్గము. మనకు కావలి కాచుకొనవలసిన వాకిలి. మన బలము వారికి భయము. ఆ వాకిలి తెఱచియుండుట మనకు భయము.

ఈ రెండు భయములను దీర్చుటకే 1950 జూలై 31వ తేదీని శాంతి మైత్రీ సంధియు వాణిజ్య సంధియు నొక్కనాడే జరిగెను. పొరుగు రాజ్యముతో గొప్ప వివాదము పుట్టినచో నొకరికొకరు తెలుపుకొనవలెనని మైత్రీ సంధిలో గలదు.

అయినను 1988లో నేపాళము చైనానుండి ఆయుధములు కొనుట మనవారికి రుచింపలేదు. 1989 మార్చిలో వర్తక సంధుల గడువు తీఱగా, రెండు తప్ప తక్కిన రవాణా మార్గములు మూయబడెను. కిరసనాయిలునకు కటకట యేర్పడి, జనులు వంటచెఱకునకై అడవులు నఱకిరి. 1990లో గాని రాజీ కుదురలేదు. మరల 2015లో నూతన రాజ్యాంగముపై మధేశీయులు సరిహద్దున ఆందోళన సేయగా సరకుబండ్లు నిలిచెను. ఇది తమ చేత గాదని భారత ప్రభుత్వము చెప్పినను నేపాళీయులు నమ్మరైరి. 2016 మార్చిలో నేపాళము చైనాతో రవాణా ఒడంబడిక చేసికొనెను.

ఇందు గ్రహింపదగిన దొకటి గలదు. వర్తకమును బిగించి రక్షణమును సంపాదింపజూచినచో, పొరుగువాడు వేఱొక త్రోవ వెదకుకొనును.

త్రోవలను పెంచుటయే మేలైన నీతి. 2016 ఫిబ్రవరిలో మన ప్రభుత్వము నేపాళ వర్తకమునకు విశాఖపట్టణపు రేవును గూడ నొసగుట కంగీకరించెను. అది కలకత్తాకన్న దూరమైనను, నదీముఖపు ఒండ్రు బాధ లేని లోతైన రేవు గావున పెద్ద యోడలు రాగలవు. ఆ రేవున దిగి కొండలదేశమునకు బోవు ప్రతి సరకుపెట్టెయు, సైన్యము చేయలేని రక్షణ కార్యమును కొంత చేయుచున్నదని విద్యార్థులు గుర్తింతురు గాక.