గాలి కదలికను చదివిన రొద్దం నరసింహ

రొద్దం నరసింహ (1933–2020) భారత విమానయాన, అంతరిక్ష రంగాల్లో ఆరు దశాబ్దాలు పనిచేసిన ఇంజనీరు, శాస్త్రవేత్త. ఇంటిపేరు అనంతపురం సీమలోని రొద్దం ఊరిది. పుట్టి పెరిగింది బెంగళూరులో. తండ్రి ఆర్.ఎల్. నరసింహయ్య సెంట్రల్ కాలేజీలో భౌతికశాస్త్రం చెబుతూ, మామూలు జనానికి అర్థమయ్యేలా కన్నడంలో సైన్సు రాసేవారు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివే రోజుల్లో నరసింహ ఒకసారి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ చూడబోయారు. అక్కడి ఆవరణలో నిలిపి ఉన్న స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం ఆయన మనసు లాగేసింది. 1953లో పట్టా రాగానే అదే సంస్థలో చేరారు. అక్కడ దొరికిన గురువు సతీశ్ ధవన్.

ఆయన జీవితమంతా వెంటాడిన ప్రశ్న ఒకటుంది. అగరుబత్తి పొగ కొంత ఎత్తు దాకా సన్నని దారంలా లేచి, ఆపైన సుడులు తిరిగి చెదిరిపోతుంది. విమానం రెక్కను అంటుకుని పారే గాలిపొరలోనూ ఇలాంటి మార్పే జరుగుతుంది. ఎక్కడ, ఎలా? మార్పు ఒక్క గీత దగ్గర జరిగిపోదు. ప్రశాంతమైన ప్రవాహంలో అక్కడక్కడా సుడి మచ్చలు పుట్టి, పెరిగి, కలిసిపోతాయి. ఆ మచ్చల విస్తరణకు ఒక గణిత సూత్రం ఉందని నరసింహ 1957లో చూపించారు. రెక్క మీద గాలి రాపిడి ఎంతో, జెట్ ఇంజను టర్బైన్ రేకు ఎంత వేడెక్కుతుందో లెక్కగట్టడానికి ఇది పనికొస్తుంది. తర్వాత కాలిఫోర్నియాలోని కాల్టెక్‌లో 1961లో డాక్టరేటు పొంది, మరుసటి ఏడాదే తిరిగొచ్చి బెంగళూరులో పాఠాలు చెప్పారు.

1984 నుంచి 1993 దాకా నేషనల్ ఏరోనాటికల్ లేబొరేటరీకి డైరెక్టరు. తేజస్ యుద్ధవిమానానికి కావలసిన కార్బన్ ఫైబర్ భాగాల పని అక్కడ సాగిన కాలమది. పెద్ద కంప్యూటర్లు కొనడం కష్టంగా ఉన్న రోజుల్లో, చిన్న ప్రాసెసర్లను జతచేసి గాలి ప్రవాహ లెక్కలు చేసే ఫ్లోసాల్వర్‌ను 1986లో అక్కడే తయారుచేశారు. రుతుపవనాలూ, మేఘాలూ ఆయనకు అదే గాలి ప్రశ్నలో భాగాలు. నీటి తొట్టిలో కృత్రిమ మేఘాలను పెంచి చూసే ప్రయోగాలు వయసు పైబడ్డాకా ఆపలేదు.

తొరపాడి, గుడియాత్తం వైపు పాఠకులకు ఆయన రాసిన మరో రచన దగ్గరగా తోస్తుంది. 1799లో టిపు సుల్తాన్ పతనమయ్యాక ఆయన కుటుంబాన్ని ఆంగ్లేయులు తొరపాడికి కొద్ది దూరంలోని వేలూరు కోటలో ఉంచారు. 1806 సిపాయిల తిరుగుబాటు జరిగిందీ అక్కడే. ఆ టిపు సైన్యం వాడిన రాకెట్ల మీద నరసింహ 1985లో ఒక నివేదిక రాశారు. లండన్ దగ్గరి వూల్విచ్‌లో భద్రపరిచిన రెండు రాకెట్లను అందులో వర్ణించారు. ఒకటి సుమారు 25 సెంటీమీటర్ల ఇనుప గొట్టం, తోలు పట్టీలతో మీటరు పొడవు కత్తికి కట్టి ఉంది. రెండోది ఇంకాస్త చిన్నది, దాన్ని దాదాపు రెండు మీటర్ల వెదురుబొంగుకు కట్టారు. అసలు కీలకం ఇనుములోనే ఉంది. అట్టగొట్టం తట్టుకోలేని పీడనాన్ని ఇనుము తట్టుకుంటుంది, కాబట్టి మందు గట్టిగా దట్టించవచ్చు, రాకెట్ దూరం పోతుంది. ఈ రాకెట్లు చూశాకే ఇంగ్లండులో కాంగ్రీవ్ అనే ఆవిష్కర్త తన రాకెట్లు రూపొందించాడు. అయితే ఆ తర్వాత ఆ విద్య అక్కడ ఎదిగి, ఇక్కడ ఎందుకు ఆగిపోయిందన్న ప్రశ్నను నరసింహ నిజాయితీగా ఎదుర్కొన్నారు. గర్వపడి ఊరుకోకపోవడమే ఆ నివేదిక విలువ.

రాయల్ సొసైటీ ఫెలోషిప్, 2013లో పద్మవిభూషణ్ ఆయనకు దక్కాయి. అంతరిక్ష కమిషన్‌లో రెండు దశాబ్దాలకు పైగా సభ్యుడిగా ఉండి, 2012లో రాజీనామా చేశారు. 2020 డిసెంబరు 14న, 87 ఏళ్ల వయసులో బెంగళూరులో కన్నుమూశారు. వేలూరు కోట చూడబోయే ఇంజనీరింగ్ విద్యార్థులు ఆయన రాకెట్ల నివేదిక ఒక్కసారి చదివి వెళ్లాలి.