పదవి వెంట వచ్చిన కానుక

ఒక వార్డు సభ్యుని ఇంట పెళ్లి జరుగుతుంది. అదే వార్డులో మురుగుకాలువ పనులు చేస్తున్న కాంట్రాక్టరు పెళ్లికూతురికి బంగారు గొలుసు చదివిస్తాడు. చదివింపుల పుస్తకంలో అతని పేరు బంధువుల పేర్ల మధ్య కలిసిపోతుంది. లంచం అడిగినవారు లేరు, ఇచ్చామని చెప్పినవారూ లేరు. కొన్నాళ్లకు కాలువ గోడ కూలిపోతుంది. వీధిలోనివారంతా వెళ్లి మొరపెట్టుకున్నా ఆ సభ్యునికి నోరు పెగలదు. ఇటువంటి దృశ్యాన్ని మనలో చాలామంది ఏదో ఒక ఊళ్లో చూసే ఉంటాము.

నేరం జరిగిందా లేదా అన్నది పోలీసులు, న్యాయస్థానాలు తేలుస్తాయి. అయితే నేరానికీ నిజాయితీకీ నడుమ విశాలమైన మైదానం ఒకటి ఉంది. ఇంటికొచ్చిన కానుక, బావమరిదికి దక్కిన టెండరు, సొంత స్థలం పక్కనుంచే పోయే కొత్త రోడ్డు, ఇవన్నీ ఆ మైదానంలోనివే. అక్కడ కాపలా ఉండటం కోసమే కొన్ని నగరాలు నైతిక ప్రమాణాల కమిషన్లను ఏర్పాటు చేసుకున్నాయి. వాటి పనేమిటో, మనకు వాటితో ఏం అవసరమో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. మహాప్రవక్త ముహమ్మద్ (స) కాలంలో ఇబ్నుల్ లుత్బియ్య అనే వ్యక్తిని జకాత్ వసూలుకు పంపారు. అతను తిరిగివచ్చి, తెచ్చిన సొమ్మును రెండు భాగాలు చేశాడు. ఒకటి ప్రజాధనమని, మరొకటి తనకు వచ్చిన కానుక అని చెప్పాడు. అప్పుడు ప్రవక్త (స) మింబర్ ఎక్కి ప్రజలందరి ఎదుట ఈ సంగతి ప్రస్తావించారు. అతను తన తల్లిదండ్రుల ఇంట కూర్చుని ఉంటే ఆ కానుక అతనికి వచ్చేదా అని ప్రశ్నించారు. కానుక మనిషిని చూసి వచ్చిందా, పదవిని చూసి వచ్చిందా అన్నదే ఆ ప్రశ్న సారాంశం. హజ్రత్ ఉమర్ (రజి) అధికారులను నియమించే ముందు వారి ఆస్తుల వివరాలు రాయించేవారని చరిత్రకారులు పేర్కొన్నారు. నేటి కమిషన్ల నియమావళిలో సగభాగం ఈ రెండు సూత్రాల మీదనే నిలిచి ఉంది.

అమెరికాలోని లాస్ ఏంజెలిస్ నగరాన్నే ఉదాహరణగా తీసుకుందాం. 1989లో అక్కడి మేయర్ టామ్ బ్రాడ్లీ ఒక బ్యాంకు నుంచి సలహాదారుగా సొమ్ము పుచ్చుకున్నారని, ఆ బ్యాంకులో నగర నిధులు కూడా జమ అయ్యాయని బయటపడింది. ఆయనపై క్రిమినల్ అభియోగాలు నమోదు కాలేదు. అయినా ప్రజల మనసు కుదుటపడలేదు. 1990లో నగర ఓటర్లే ఓటు వేసి నైతిక ప్రమాణాల కమిషన్‌ను నెలకొల్పుకున్నారు.

అందులో సభ్యులు ఐదుగురు. ఒక్కొక్కరిని ఒక్కొక్క ఎన్నికైన నాయకుడు నియమిస్తాడు. పదవీకాలం ఐదేళ్లు, వెంటనే రెండోసారి కొనసాగే వీలు లేదు. ఎవరి దయమీదా ఆధారపడకుండా ఉండాలన్నదే ఈ ఏర్పాటులోని ఉద్దేశం. నగర అధికారులు తమ ఆదాయాలను, ఆస్తులను ప్రకటించాలి. కానుకలకు పరిమితి ఉంది. తమకు లాభనష్టాలున్న వ్యవహారం చర్చకు వస్తే తప్పుకోవాలి. నాయకులను ప్రభావితం చేయడమే వృత్తిగా పెట్టుకున్నవారు పేరు నమోదు చేసుకోవాలి. ఎన్నికల విరాళాలకూ లెక్క ఉంది. ఉల్లంఘిస్తే కమిషన్ జరిమానా విధిస్తుంది.

అయితే వీటన్నిటికంటే విలువైన పని మరొకటి ఉందని మా అభిప్రాయం. అదే ముందస్తు సలహా. ఒక అధికారికి సందేహం కలిగితే, పని చేయక మునుపే కమిషన్‌ను అడగవచ్చు. తప్పు జరిగాక దండించేవారు ఎందరో ఉంటారు. తప్పులో పడకముందు చేయి పట్టుకుని ఆపేవారు అరుదు.

కమిషన్ ఉన్నంత మాత్రాన అవినీతి అంతమవుతుందని భ్రమపడనక్కర లేదు. అదే లాస్ ఏంజెలిస్‌లో నగర ప్రణాళిక, భూవినియోగ కమిటీకి అధ్యక్షత వహించిన హోసే హుయీజార్ అనే సభ్యుడు భవన నిర్మాతల నుంచి భారీగా ముడుపులు పుచ్చుకున్నాడు. అతన్ని పట్టుకున్నది ఫెడరల్ దర్యాప్తు సంస్థ. 2023లో నేరం ఒప్పుకున్న అతనికి 2024లో 13 ఏళ్ల జైలుశిక్ష పడింది. అదే ఏడాది నవంబరులో ఓటర్లు కమిషన్‌కు మరిన్ని అధికారాలు ఇచ్చి, కనీస బడ్జెట్‌కు హామీ కల్పించారు. కాపలాదారు విఫలమయ్యాడని కాపలాయే వద్దనుకోలేదు, అతని చేతికి మరింత గట్టి కర్రనిచ్చారు.

మరి మన సంగతేమిటి? 73, 74వ రాజ్యాంగ సవరణలు 1993లో అమలులోకి వచ్చి పంచాయతీలకు, పురపాలక సంఘాలకు రాజ్యాంగ హోదా కల్పించాయి. పంచాయతీ కాంట్రాక్టులో స్వప్రయోజనం ఉన్న సభ్యుడు అనర్హుడవుతాడని మన పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది. 1983 నాటి చట్టంతో ఏర్పడిన లోకాయుక్తకు మేయర్ల మీద, జిల్లా పరిషత్ అధ్యక్షుల మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు. కానీ లోకాయుక్త విచారించి సిఫార్సు చేయగలరే గాని, స్వయంగా శిక్షించలేరు. ఆ సిఫార్సు ఫలించాలంటే ప్రభుత్వం కదలాలి.

కేరళ మరో అడుగు ముందుకు వేసింది. స్థానిక సంస్థల కోసమే 2000లో ప్రత్యేకంగా అంబుడ్స్‌మన్ వ్యవస్థను నెలకొల్పింది. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన వ్యక్తి ఆ స్థానంలో ఉంటారు. సాక్షులను పిలిపించడం, పంచాయతీకి కలిగిన నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టమని ఆదేశించడం ఆయన అధికారాలలో ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఒక మంచి బాట వేసింది. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీలు జరిపించి, 2009లో అందుకోసం ఒక ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. మస్టర్లలో ఎవరి పేరున ఎంత కూలి రాశారో ఊరివారి ముందు చదివి వినిపించేవారు. చదువురాని కూలి తల్లి సైతం లేచి, ఆ రోజు నేను పనికే రాలేదు, నా పేరెలా వచ్చిందని అడగగలిగింది. ఏ కమిషన్‌కైనా ప్రాణం పోసేది అటువంటి ప్రశ్నే.

ఇక మన ఇళ్ల సంగతి కూడా మాట్లాడుకోవాలి. ఇంటి ప్లాను త్వరగా రావాలని, కుళాయి కనెక్షన్ ముందుగా దక్కాలని చేతులు తడిపేది మనమే. పుచ్చుకున్నవాణ్ణి తిడతాము, ఇచ్చిన చేతిని మరచిపోతాము. 2018లో సవరించిన అవినీతి నిరోధక చట్టం ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే. దానికి ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. బలవంతం మీద ఇవ్వవలసి వచ్చినవారు ఏడు రోజుల లోపల అధికారులకు తెలియజేస్తే ఆ నేరం వారికి అంటదు. ఈ ఒక్క సంగతి ప్రతి ఇంటా తెలిసి ఉండాలి. ఇచ్చేవానినీ పుచ్చుకునేవానినీ మన ధర్మం ఒకే గాటన కట్టిందని వేరే గుర్తు చేయనక్కర లేదు.

మన బంధువుల్లో ఎవరైనా సర్పంచో, కౌన్సిలరో అయితే మనం సంతోషిస్తాము, అది సహజమే. ఆ సంతోషం ఆయన పలుకుబడిని వాడుకునే ఆశగా మారకూడదు. పదవి ఒక అమానతు. ఆ అప్పగింతకు కాపలా కాసే మొదటి కమిషన్ ఇల్లే. ఇంటికి ఖరీదైన కానుక వచ్చినప్పుడు, ఈ పదవి లేకపోతే ఇది మన గుమ్మం తొక్కేదా అని ఇల్లాలు ఒక్కమాట అడిగితే చాలు. లోకంలోని కమిషన్లన్నీ అడగాలనుకున్న ప్రశ్న అప్పటికే ఆ ఇంట్లో వినిపించినట్లు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేని కానుకను వచ్చిన దారినే తిప్పి పంపే ధైర్యం మనందరికీ అల్లాహ్ ప్రసాదించుగాక!