ఒక ఊపిరితిత్తికి గాలి ఆపి...

ఛాతీ ఆపరేషన్‌లో కళ్లముందు ఊపిరితిత్తి పొంగుతూ కుంగుతూ ఉంటే సర్జన్‌కు చెయ్యి ఆడదు. పైగా అందులో చీము ఉంటే మంచి ఊపిరితిత్తిలోకి పారే ప్రమాదం. అందుకే ఆ ఒక్కదానికి గాలి ఆపి, రెండోదానితోనే ఊపిరి పోస్తారు. గాలి ఆగిన వైపు రక్తనాళాలు వాటంతటవే ముడుచుకుని, రక్తాన్ని చాలావరకు రెండో వైపు మళ్లిస్తాయి. ఒంటి ఊపిరితిత్తితో మనిషి నిలదొక్కుకునేది ఈ ఏర్పాటు వల్లనే.

పెద్దలకు దీనికోసం రెండు దారుల గొట్టం, డబుల్ ల్యూమెన్ ట్యూబ్, ఉంది. చిక్కంతా పిల్లలతోనే. ఆ గొట్టాల్లో అతి సన్నది కూడా సుమారు ఎనిమిదేళ్లు దాటితే గానీ పట్టదు. న్యుమోనియా ముదిరి ఛాతీలో చీము గడ్డకట్టిన మూడేళ్ల పిల్లకు ఏం చెయ్యాలి?

మామూలు గొట్టాన్నే ఒకవైపు శ్వాసనాళంలోకి దించడం ఒక ఉపాయం. కుడి నాళం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కాబట్టి గొట్టం అటే పోతుంది. ఎడమవైపు పంపాలంటే నేర్పు కావాలి.

రెండోది ఫోగార్టీ క్యాథెటర్. కాళ్ల ధమనుల్లో రక్తపు గడ్డలు లాగడానికి థామస్ ఫోగార్టీ దీన్ని తయారుచేశాడు. మొదటి నమూనాకు బెలూన్ రబ్బరు గ్లౌజు వేలి ముక్కే. 1963లో వైద్యలోకానికి వెల్లడైన ఈ సాధనాన్ని మత్తు డాక్టర్లు శ్వాసనాళానికి మూతగా వాడుకున్నారు. కానీ అది ఆ పనికి పుట్టింది కాదు. మధ్యలో దారి లేదు కనుక లోపలి గాలిని, చీమును దానిగుండా లాగలేం. బెలూన్ కాస్త ఎక్కువ ఉబ్బితే లేత నాళం చిరగవచ్చు. పైకి జారి ప్రధాన శ్వాసనాళంలో పడితే రెండు ఊపిరితిత్తులకూ గాలి ఆగిపోతుంది. అప్పుడు క్షణం ఆలోచించకుండా బెలూన్ దించెయ్యాలి. రోగిని పక్కకు తిప్పిన ప్రతిసారీ స్టెతస్కోప్‌తో విని, సన్నని బ్రాంకోస్కోప్‌తో చూసి నిర్ధారించుకోవాలి. చూసే సాధనం లేనిచోట ఈ ఉపాయం సగం గుడ్డిదే.

1888, 1889ల్లో హైదరాబాద్‌లో మత్తుమందు క్లోరోఫామ్‌పై కమిషన్లు నడిపించిన డాక్టర్ ఎడ్వర్డ్ లారీ, మత్తులో ఉన్న రోగి శ్వాసనే కనిపెట్టుకుని ఉండాలన్నాడు. గుండెకు క్లోరోఫామ్ హాని చెయ్యదన్న ఆయన వాదం నిలవలేదు. శ్వాస గురించిన హెచ్చరిక మాత్రం ఈ ఆపరేషన్‌లో అక్షరాలా వర్తిస్తుంది.

ఇక సాధనాల సంగతి. సిద్దిపేటలో 2018 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఇలాంటి జిల్లా బోధనాసుపత్రులన్నింటిలో పిల్లలకు సరిపోయే బ్రాంకోస్కోప్, శ్వాసనాళాన్ని మూసేందుకే చేసిన బ్లాకర్లు ఉండాలి. తల్లిదండ్రులకు ఒక మాట: న్యుమోనియాకు మందులు వాడుతున్నా జ్వరం దిగకపోతే, బిడ్డ ఎగపోస్తుంటే ఆగకండి. చీము పలచగా ఉన్నప్పుడే గొట్టం వేసి తీసేస్తే చాలామంది పిల్లలకు ఛాతీ తెరవాల్సిన అవసరమే రాదు.