ప్రశ్నను విడువని మనస్సు

తొలకరి వాన పడుటకు ముందే రైతు తన చేనిని లోతుగా దున్ని ఉంచును. పైపైన గీకిన నేలపై పడిన నీరు పల్లమునకు జారిపోవును. లోతుగా దున్నిన నేల ఆ నీటిని తనలో ఇంకించుకొని పైరునకు ఆధారమగును. మానవుని మనస్సును ఇట్టిదే. ఒకే పాఠమును ఒకే తరగతిలో నలువదిమంది విందురు. కొందరికి అది పరీక్ష ముగియగనే జారిపోవును. కొందరి మనస్సులో ఇంకి కొత్త ఊహలకు మూలమగును. ఈ భేదమునకు పుట్టుకతో వచ్చిన తెలివి ఒక్కటే కారణము కాదు. మనస్సును లోతుగా దున్ను అలవాటు కొందరికి కలదు, కొందరికి లేదు. ఆ అలవాటు ఎట్టిదో, దానిని ఎట్లు అభ్యసింపవలెనో తెలిసికొందము.

జ్ఞాపకము వేరు, ఆలోచన వేరు. విన్నదానిని విన్నట్లు నిలుపుకొనుట జ్ఞాపకము. విన్నదానిని ఇతర విషయములతో పోల్చి, "ఇది ఏల ఇట్లున్నది? మరియొక విధముగా ఏల లేదు?" అని విచారించుట ఆలోచన. అట్టి విచారణ వలన ఇదివరకు ఎవరికిని తోచని సంబంధమును కనుగొనుట సృజనము. అట్లని జ్ఞాపకమును చులకన చేయరాదు. గాదెలో ధాన్యము లేనిదే వంట లేదు. కాని గాదె నిండినంతమాత్రమున ఆకలి తీరదు. ఆ ధాన్యమును దంచి వండుటయే ఆలోచన చేయు పని.

లోతైన ఆలోచనకు మొదటి లక్షణము, మొదట దొరికిన సమాధానముతో తృప్తిపడకుండుట. సర్ చంద్రశేఖర వేంకట రామన్ జీవితమున దీనికి చక్కని నిదర్శనము కలదు. రామన్ 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించెను. ఆయన తండ్రి విశాఖపట్టణమున మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలలో ఉపన్యాసకుడుగా నుండుటచే, రామన్ బాల్యము ఆ సముద్రతీర నగరమున గడచెను.

1921వ సంవత్సరమున ఆయన కలకత్తా విశ్వవిద్యాలయ ప్రతినిధిగా ఆక్సుఫర్డులో జరిగిన సభకు ఓడలో వెళ్లెను. ఆ ప్రయాణమున మధ్యధరా సముద్రపు నిండు నీలిమ ఆయన మనస్సును ఆకర్షించెను. సముద్రము నీలముగా నుండుట ఓడలోని వారందరును చూచిరి. కారణము అడిగినవారికి సిద్ధముగా ఒక సమాధానము కూడ ఉండెను. ఆకాశము ఏల నీలముగా కన్పించునో సరిగా వివరించిన రేలీ ప్రభువు, సముద్రపు నీలిమ నీటిలో ప్రతిఫలించిన ఆకాశపు నీలిమయే అని చెప్పియుండెను. అంతటి పండితుడు చెప్పిన మాటను కాదనువారెవరు?

రామన్ కాదనలేదు, అవుననలేదు, పరీక్షించెను. ఆయన యొద్ద నికల్ పట్టకము అను చిన్న పరికరము ఉండెను. నీటి ఉపరితలమును ఒకానొక కోణమున ఆ పట్టకము ద్వారా చూచుచు దానిని తగిన విధముగా త్రిప్పినచో, పైనుండి ప్రతిఫలించు కాంతి కంటికి అందక ఆగిపోవును. నీలిమ ఆకాశపు ప్రతిబింబమే అయినచో, అట్లు చూచినపుడు అది మాయము కావలెను. కాని మాయము కాలేదు. మరింత స్పష్టముగా కన్పించెను. కనుక నీలిమకు కారణము నీటిలోనే కలదని ఆయన నిశ్చయించెను.

మరియొకరైనచో అంతటితో ఆగిపోయియుందురు. రామన్ ఆగలేదు. నీటి అణువులు కాంతిని చెదరగొట్టుచున్నచో, తక్కిన ద్రవములు ఏమి చేయును? ఈ ప్రశ్నతో ఆయనయు ఆయన శిష్యులును కలకత్తాలో అనేక ద్రవములను పరీక్షించిరి. 1923వ సంవత్సరమున, చెదరిన కాంతిలో మూలకాంతికి చెందని ఒక మిక్కిలి బలహీనమైన వెలుగు కన్పించెను. ద్రవములోని మాలిన్యము వలన అది కలిగినదని తలచుట సులభము. కాని ద్రవమును మరల మరల శుద్ధిచేసినను ఆ వెలుగు పోలేదు. పోని ఆ వెలుగును వారు విడువలేదు. తుదకు 1928వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన దాని నిజస్వరూపము తేలెను. ఈ పరిశోధనలో కె.ఎస్. కృష్ణన్ ఆయనకు తోడుగా నుండెను. రామన్ ఫలితమని పేరుపొందిన ఈ ఆవిష్కరణకు 1930వ సంవత్సరమున నోబెల్ బహుమానము లభించెను. ఓడపై పుట్టిన ప్రశ్నను ఏడు సంవత్సరములు వెంబడించిన ఫలమిది.

ఇందు గమనింపదగినది మరియొకటి కలదు. సముద్రపు నీలిమను గూర్చి రామన్ చెప్పినదియు తుదిమాట కాలేదు. నీరు సూర్యకాంతిలోని ఎరుపును ఎక్కువగా పీల్చుకొనుట ఆ నీలిమకు ముఖ్యకారణమని నేటి శాస్త్రము చెప్పుచున్నది. ఒక సమాధానము మరియొక ప్రశ్నకు గడప. గడపమీదనే కూర్చుండువాడు ఇంటిలోనికి పోలేడు.

"ఇది మహామేధావులకు చెల్లునుగాని మావంటివారికి సాధ్యమా?" అని మీరు అడుగవచ్చును. మనస్సు శిక్షణకు లొంగునని తెలుపుటకు తెలుగువారి అవధానవిద్య సాక్ష్యము. అష్టావధానమున ఎనిమిదిమంది పృచ్ఛకులు ఒక్క అవధానిని చుట్టుకొని ప్రశ్నింతురు. ఒకడు సమస్య నిచ్చును; ఒకడు నాలుగు పదములిచ్చి వానితో పద్యము చెప్పుమనును; ఒకడు సంబంధము లేని మాటలతో దృష్టి మరలించును. చివర అవధాని తాను చెప్పిన పద్యములన్నిటిని మరల అప్పగింపవలెను. తిరుపతి వేంకట కవులుగా ప్రసిద్ధులైన దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872–1920), చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) ఈ విద్యను సంస్థానములకు, పట్టణములకు కొనిపోయి ప్రజలకు ప్రీతిపాత్రము చేసిరి. వారు సభలకెక్కుటకు ముందు గురువునొద్ద కూర్చుండి శ్రద్ధతో శాస్త్రములు చదివినవారు.

ఈ విద్యలోని నిషిద్ధాక్షరి మనకు గొప్ప పాఠము నేర్పును. అవధాని ఒక అక్షరము చెప్పగనే, తరువాత రాగల అక్షరమును పృచ్ఛకుడు నిషేధించును. అవధాని "శ్రీ" అనెననుకొందము. శ్రీరామ అను మాట అందరి నాలుకపై నుండునది గనుక, పృచ్ఛకుడు రకారమును నిషేధింపవచ్చును. అలవాటైన త్రోవ మూసికొనిపోగా అవధాని కొత్త త్రోవ వెదకవలసివచ్చును. అట్లు ఎవరును ఎదురుచూడని అందమైన పదము పుట్టును. కట్టుబాటు ఊహను చంపునని పలువురు తలతురు. నిజమునకు మనస్సు సోమరితనముచే సులభమైన మాటనే పట్టుకొనును. కట్టుబాటు దానిని మేల్కొల్పును. మీరును దీనిని ప్రయత్నింపవచ్చును. వాన, నీరు, మేఘము, తడి అను మాటలు వాడక వానకాలమును పది వాక్యములలో వర్ణింపుడు. మొదట కలము కదలదు. పిమ్మట చూరుక్రింద వణకు కోడిపిల్లయు, విప్పిన గొడుగులును, మట్టివాసనయు ఒక్కొక్కటిగా కంటికి కట్టును.

ఆలోచనను అభ్యసించుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఇంటిలోని మంచినీళ్ల కుండ చాలును. కుండలో నీరు ఏల చల్లబడును? "మట్టికి చలువగుణము కలదు" అని ఒకడనును. ఇది మొదటి సమాధానము. ఇచట ఆగక ఇట్లు విచారింపుడు. మట్టి చలువే కారణమైనచో, వానకాలమున కుండనీరు వేసవిలోవలె ఏల చల్లబడదు? పాతకుండలో చల్లదనము ఏల తగ్గును? ఇప్పుడొక పరీక్ష చేయుడు. రెండు స్టీలు చెంబులలో ఒకే నీరు పోసి, ఒకదానికి తడిబట్ట చుట్టి, రెంటిని గాలి తగులు నీడలో ఉంచుడు. కొంతసేపటికి తడిబట్ట చుట్టిన చెంబులోని నీరు ఎక్కువ చల్లబడును. అచట మట్టి లేదు. తడి ఆరుట మాత్రమే కలదు. నీరు ఆవిరి అగునపుడు వేడిని తీసికొనిపోవును. కుండకుగల సన్నని రంధ్రములు నీటిని వెలుపలికి తెచ్చి ఆ పనికి తోడ్పడును. వానకాలపు గాలిలో తేమ నిండియుండుటచే తడి త్వరగా ఆరదు. పాతకుండ రంధ్రములు పూడిపోవును. చూచితిరా! ఒక్క కారణము తెలియగనే మూడు ప్రశ్నల చిక్కులు విడిపోయినవి.

ఈ అభ్యాసమునకు ముఖ్యమైన నియమములు మూడు. తోచిన ప్రశ్నను వెంటనే పుస్తకమున వ్రాసికొనవలెను. ఇతరులను అడుగుటకు ముందు మీ ఊహను కూడ దాని క్రింద వ్రాయవలెను. ఆ ఊహకు విరుద్ధమైన విషయము కన్పించినచో దానిని తప్పక గుర్తింపవలెను. తన అభిప్రాయమునకు ఎదురుగా నిలుచు విషయములే త్వరగా మరపునకు వచ్చునని గ్రహించి, చార్లెస్ డార్విన్ అట్టివానిని తక్షణమే వ్రాసికొను నియమము పెట్టుకొనెను. తాను అనుకొన్నదే నిజమని నమ్మువానికి విరోధియైన విషయము శత్రువువలె తోచును. ఆలోచించువానికి అదియే గురువు.

నేడు ఏ ప్రశ్నకైనను సెల్ ఫోను క్షణములో సమాధానము చూపుచున్నది. ఇది గొప్ప సౌకర్యమే. కాని ప్రశ్న మనస్సులో నిలువకముందే సమాధానము వచ్చిపడినచో, దున్నని నేలపై పడిన వానవలె అది జారిపోవును. అది తప్పో ఒప్పో తెలిసికొను శక్తియు మనకు అలవడదు. అట్టివాడు ఎవరు గట్టిగా చెప్పిన దానినే నమ్మును; వదంతికి లొంగును; మోసమునకు చిక్కును. తన ఓటును, తన ధనమును, తన జీవితమును ఇతరుల ఆలోచనకు అప్పగించును. స్వతంత్ర దేశమున పుట్టియు పరతంత్రుడుగా బ్రదుకుట ఇదియే.

కావున బాలబాలికలారా! దినమునకు ఒక్క ప్రశ్ననైనను ఎంచుకొని, కొంతసేపు దానితో ఒంటరిగా కూర్చుండుడు. సమాధానము దొరకలేదని సిగ్గుపడకుడు. మరునాడు మరల దాని యొద్దకు పొండు. నేడు మీ ఇంటి కుండనీటిని త్రాగునపుడు, ఇదివరకు ఎన్నడును అడుగని ప్రశ్న నొకదానిని అడిగి చూడుడు.