రెండు వానల దేశం

ఏమర్రా, ఏడాదికి వానాకాలాలెన్ని? కెన్యా పిల్లల్నడిగితే రెండంటారు. మార్చి నుంచి మే దాకా ‘పెద్ద వానలు’, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ‘చిన్న వానలు’.

ఎందుకంటారా? సూర్యుడు నడినెత్తికొచ్చిన చోట నేల వేడెక్కి, గాలి పైకి లేచి మబ్బు కడుతుంది. ఆ మబ్బుల పట్టీ ఆవు వెంట దూడలా సూర్యుడి వెనకే, కాస్త ఆలస్యంగా నడుస్తుంది. కెన్యా భూమధ్యరేఖ మీదుంది కాబట్టి ఆ పట్టీ ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఇంకోసారి దాన్ని దాటుతుంది. నడుమ జూన్ నుంచి సెప్టెంబరు దాకా తూర్పు మెట్టనేలల్లో చినుకు అరుదు. అప్పుడు ఆ దేశం మీదుగా వీచే గాలే అరేబియా సముద్రం దాటొచ్చి మనకు నైరుతి వాన కురిపిస్తుంది!

ఈ వానల మీదే అక్కడి తిండి ఆధారం. కెన్యా వాళ్ళ ముఖ్యమైన తిండి ఉగాలి. మరిగే నీళ్ళలో మొక్కజొన్న పిండి పోసి గట్టిగా కెలికిన ముద్ద అన్నమాట. ఆ మొక్కజొన్నలో పెద్ద వాటా పడమటి ఎత్తునేలలది. ట్రాన్స్ న్జోయా, వాసిన్ గిషు వైపు పెద్ద వానలకు విత్తితే అక్టోబరు నుంచి కోతలు. తూర్పున మాకుయేని, కిటుయిల్లో మాత్రం చిన్న వానలే పెద్ద దిక్కు.

ఆ చిన్న వానల గుట్టు హిందూ మహాసముద్రంలో ఉంది. ఆఫ్రికా వైపు నీళ్ళు మామూలుకన్నా వేడెక్కితే కుండపోత. ఇండోనేషియా వైపు వేడెక్కితే అనావృష్టి. 2019లో కుండపోతతో వరదలొచ్చాయి. ఆ తర్వాత 2020 చివరి నుంచి 2022 చివరి దాకా పసిఫిక్‌లో లా నినా (అక్కడి నడిమి నీళ్ళు చల్లబడటం) కూడా తోడై, ఉత్తర, తూర్పు కెన్యాల్లో వరసగా అయిదు వానాకాలాలు ముఖం చాటేశాయి.

సరే, పంట చేతికొచ్చిందనుకోండి. గండం గడిచినట్టేనా? 2004లో తూర్పున కోతల వేళ అకాల వాన దిగింది. తడి గింజలకు బూజు పట్టి, అఫ్లటాక్సిన్ అనే విషం చేరింది. మన వేరుశెనగల్ని పాడుచేసేదీ అదే. ఆ మొక్కజొన్న తిని 317 మంది జబ్బుపడ్డారు, వాళ్ళలో 125 మంది పోయారు. అందుకే గింజలో తేమ 13.5 శాతం దాటకూడదంటారు.

తేమ కొలిచే మీటరు లేకపోతే? పొడి గాజు సీసాలో గింజలూ, కాస్త పొడి ఉప్పూ వేసి బాగా కుదిపి, పావుగంట ఆగండి. ఉప్పు సీసా గోడలకు అంటుకుంటే తేమ 15 శాతం దాటినట్టే, మళ్ళీ ఆరబోయాల్సిందే. అంటకపోతే 15 లోపుకు దిగినట్టు. అయినా తొందరపడక ఇంకో రెండు ఎండలు చూపించి గాదెకెత్తాలి. వచ్చే పంట దాకా ఇంటిల్లిపాదీ తినేది ఆ గింజలే కదర్రా!